ఎవరూ నాటని తంగేడు

మా పెరట్లో తంగేడు చెట్లు వాటంతట అవి మొలవలేదు. నేను నాటాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ ఇప్పటికీ వాటిని దేవుడు మొలిపించిన చెట్లనే అంటుంది. నాన్న పిట్టలు తెచ్చి వేసిన గింజలంటాడు. మా వాడకట్టు ఆడవాళ్ళు, కంపెనీ గోడ దూకి వచ్చాయని నవ్వుతారు. నేను అందరి మాటా విని తల ఊపుతాను. తల ఊపడం నాకు బాగా వచ్చు.

అప్పట్లో పటాన్‌చెరులో మా ఇల్లు ఊరి చివర ఉండేది. నాన్న మిషన్ బడిలో పంతులు. ఇంటి వెనక పెరట్లో ఒక చేదబావి, అమ్మ వేసిన చిక్కుడు పందిరి, నాలుగు మిరప మొక్కలు. పెరటికి పడమట నడుమెత్తు రాళ్ళ కట్ట. కట్ట అవతల అవ్వ ఇల్లు.

అవ్వ మాకు చుట్టం కాదు. వాడకట్టంతా ఆమెను అవ్వ అనే పిలిచేది. ఒక గది, రెండు మేకలు, నాలుగు వీధులకు వినిపించే గొంతు, ఇవీ ఆమె ఆస్తి. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు, బొంతపల్లికి ఇచ్చారు.

ఇంటికి ఎవరైనా వస్తే నేను పుస్తకం పట్టుకొని తలుపు వెనక్కి పోయేదాన్ని. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే నాకు జ్వరం వచ్చేది, నిజంగానే వచ్చేది. ఇంట్లో కూడా అడిగినదానికి జవాబు తప్ప వేరే మాట ఉండేది కాదు. అవ్వ దగ్గర మాత్రం నోరు తెరుచుకునేది. ఎందుకంటే అవ్వ దగ్గర నా మాటలు నేను మాట్లాడనవసరం లేదు. వారపత్రికలో వచ్చే సీరియల్ చదివి వినిపిస్తే చాలు. సాయంత్రం కట్ట మీద నేను ఇటు, అవ్వ అటు కూర్చునేవాళ్ళం. ఆమె ఏ పప్పో ఏరుతూ వినేది. వినడమంటే ఊరికే వినడం కాదు.

"ఆ పిల్ల మల్ల ఏడుస్తాందా? గదేం పిల్ల. అత్త గంత మాటంటె ఒక్క మాట తిరిగి అనరాదా?"

"అంటది కావచ్చు అవ్వా. వచ్చేవారం."

"గప్పటిదాంక గట్లనే ఏడుస్తదా? వారం దినాలా? కండ్లు పోతయ్ దానికి."

అలా ఉండేది మా చదువు.

అవ్వ ఇంటి వెనక నుంచి పెద్ద రోడ్డు దాకా పడావు పడ్డ బీడు భూమి. దాని నిండా తంగేడే. ఎండాకాలం మట్టిరంగులో కలిసిపోయి కనబడకుండా ఉండి, వానలు పడ్డాక చిగిర్చి, బతుకమ్మ రోజులు వచ్చేసరికి భూమి మీద పసుపు ఆరబోసినట్టు అయ్యేది. అవ్వ కొడవలి, గోనెసంచి పట్టుకొని పోయి నెత్తి మీద ఇంత మోపుతో వచ్చేది. ఇల్లిల్లూ తిరిగి ప్రతి గడపలో ఒక పిడికెడు పెట్టేది. మేము క్రైస్తవులం, బతుకమ్మ పేర్చం. అయినా మా గడపలో కూడా పెట్టేది. "మీ ప్రభువు పూలు వద్దన్నడా పంతులమ్మా?" అని అమ్మను అడిగేది. అమ్మ నవ్వి ఆ కొమ్మను ఇత్తడి చెంబులో పెట్టేది. చెంబును మాత్రం బైబిలు ఉన్న మేజా మీద కాకుండా కిటికీలో పెట్టేది.

డెబ్బైల మొదట్లో ఒక ఎండాకాలం ఆ భూమికి కొలతల వాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక రాళ్ళ లారీలు వచ్చాయి. జూన్ నాటికి మనిషెత్తు కంటే పొడుగు గోడ లేచింది. లోపల ఏదో ఫ్యాక్టరీ అన్నారు. భూమంతా గీకి చదును చేశారు. ఎవరికీ కోపం రాలేదు. వాడకట్టులో సగం మంది అందులో కొలువు దొరుకుతుందని ఆశపడుతున్నారు. అవ్వ కూడా గోడను తిట్టలేదు. ఒక సాయంత్రం కట్ట మీద కూర్చొని, నేను పత్రిక తెరవబోతుంటే చేయి అడ్డం పెట్టింది.

"ఇగ పువ్వుకు యాడికి పోవాలె బిడ్డా? ఇస్నాపూర్ దాంక నడువాలె. నా మోకాళ్ళు అంగడి దాంకనే సరిగ వస్తలెవ్వు."

"బంతిపూలు పెట్టరాదా అవ్వా?"

"బంతి పైన పెడ్తరు. తంగేడు కింద పెడ్తరు. కింద తంగేడు లేనిది బతుకమ్మ ఎట్లయితది? పునాది లేకుంట ఇల్లు గడుతరా?" కాసేపు మేకలను చూసింది. "నా బిడ్డ రమ్మంటాంది. బొంతపల్లి దిక్కు గుట్టల నిండ తంగేడేనట. ఈయేడు పండుగకు పోత. మంచిగనిపిస్తె ఇగ గాడ్నే ఉంట."

ఆ రోజు సీరియల్ చదవలేదు. నా డైరీలో ఆ తేదీ కింద "అవ్వ పోతుందట" అని రెండు మాటలున్నాయి. ఇంకేమీ రాయలేదు.

నాకు అవ్వ పోవడం ఇష్టం లేదు. ఆ మాట ఆమెతో అనగలిగితే నేను నేను కాదు. రెండు రోజులు ఆలోచించి వేరే మాట అడిగాను.

"మనమే పెడితె అవ్వా?"

"ఏంది పెట్టేది?"

"తంగేడు. పెరట్ల."

అవ్వ ఎంత నవ్విందంటే మేకలు మేత ఆపి చూశాయి. "తంగేడును ఎవలన్న పెడ్తరా బిడ్డా? మల్లె పెడ్తరు, కనకాంబరం పెడ్తరు. తంగేడు అదే వస్తది. మనం పెట్టి నీళ్ళు పోస్తె అది మన చెట్టయితది. ఎవ్వరిది కానిది, ఎవ్వరు నీళ్ళు పొయ్యనిది, గసొంటి పువ్వే బతుకమ్మకు."

అంటే, పెట్టాలి. పెట్టినట్టు ఎవరికీ తెలియకూడదు. అలా నిర్ణయించుకున్నాను. మాట్లాడలేని మనిషికి రహస్యం దాచడం పెద్ద పనేమీ కాదు.

తొలి వానలకు రోడ్డు పక్కన చిన్న చిన్న మొక్కలు గుంపులుగా లేచాయి. గుండ్రటి మెత్తటి ఆకులు, అచ్చం తంగేడులాగే అనిపించాయి. పొద్దున్నే ఎవరూ లేనప్పుడు పదింటిని వేళ్ళతో సహా తీసి తెచ్చి, మా కట్ట పక్కన పాతాను. వారం తిరక్కుండానే జానెడు పెరిగాయి. నా చేయి ఇంత మంచిదా అని నాకే ఆశ్చర్యమైంది. పదిహేను రోజులకు అవ్వ కట్ట మీద నుంచి తొంగి చూసింది.

"ఏంది బిడ్డా, తంటెం పెంచుతున్నవ్?"

తంటెం అంటే వానాకాలం ఎక్కడ పడితే అక్కడ మొలిచే పిచ్చిమొక్క. లేత ఆకులు కూర వండుకుంటారు. పువ్వు పసుపే కానీ తంగేడు పువ్వు కాదు.

"ఊరికే మొలిచే దాన్ని గింత కష్టపడి పెంచుతున్నవేంది? కూరకా?"

"ఆఁ. కూరకే."

"పంతులమ్మా," అని అవ్వ గొంతెత్తి మా అమ్మను పిలిచింది. "నీ బిడ్డకు తంటెం కూర మీద మనసయింది. ఇంట్ల చెప్పనీకె సిగ్గుపడుతాంది. వండి పెట్టు."

అమ్మ వండింది. నేను అడగక అడగక ఒకటి అడిగానని సంబరంగా వారానికి మూడుసార్లు వండింది. నాన్న తలవంచుకొని తిన్నాడు. నాలుగోవారం మాత్రం, "చదువుకునే పిల్లలకు ఈ కూర మంచిదట. నా చదువు ఎప్పుడో అయిపోయింది," అన్నాడు.

నేను తంటెం ఆకులు నములుతూ, ఈసారి చూసి నేర్చుకోవాలనుకున్నాను. చర్చికి పోయే దారిలో బావి గట్టున ఒకే ఒక్క తంగేడు చెట్టు మిగిలి ఉండేది. దాని దగ్గర చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి చూసేదాన్ని. తంటెం రెమ్మకు ఆకులు మూడే జతలు. తంగేడుకు ఎనిమిది, పది జతలు. తంగేడు రెమ్మ పుట్టేచోట చిన్న చెవి లాంటి ఆకు ఒకటి కాండాన్ని పట్టుకొని ఉంటుంది. ఇవన్నీ రాసి పెట్టుకున్నాను. ఆ చెట్టు పూయకముందే ఎవరో పొయ్యిలోకి నరుక్కుపోయారు.

ఆ ఏడు బతుకమ్మకు అవ్వ బొంతపల్లి పోయింది. పోతూ మేకలను మా పెరట్లో కట్టేసి పోయింది. మేకలను వదిలి పోయిందంటే తిరిగి వస్తుందని నాకు ధైర్యం. తొమ్మిది రోజులు వాటికి మేత వేశాను. పదోనాడు కట్ట అవతల గొంతు వినిపించింది. సత్తుపిండి ముద్దలు తెచ్చింది.

"ఊరు మంచిగున్నది. బిడ్డ మంచిగ సూస్కున్నది. అల్లుడు గూడ మనిషే. కని గాడ కథ సదివేటోళ్ళు లేరు. ఏమైంది ఆ పిల్లకు? ఇంక ఏడుస్తనే ఉన్నదా?"

"తిరిగి అన్నది అవ్వా. అత్తను."

"అట్ల అన్నదా? కూసో, కూసో. మొదట్నుంచి సదువు."

అంతా విని, పప్పు చాట దులుపుతూ అన్నది. "కని వచ్చేయేడు మాత్రం మేకలను గూడ తోల్కపోత బిడ్డా. పండుగకు అటు ఇటు తిరుగుడు నాతోని కాదు."

మేకలు కూడా పోతే అవ్వ ఇక రాదు. నా చేతిలో ఒక ఏడాది ఉంది.

తంగేడు గింజలు నాకు బస్సులో దొరికాయి. బస్సులో అంటే బస్సు ఆగిన చోట. చలికాలం, ఇంటర్ కాగితాల పని ఉండి నాన్నతో సంగారెడ్డి పోతున్నాను. దారిలో ఇంజను వేడెక్కిందని డ్రైవరు బస్సు ఆపాడు. క్లీనరు నీళ్ళకు పోయాడు. కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కన తంగేడు పొద. కొమ్మ కొమ్మకూ ఎండిన కాయలు, చిన్న చిన్న చింతకాయల్లాగా, కానీ కాగితమంత పలుచన. నలభై మంది చూస్తుండగా బస్సు దిగి, పొద దగ్గరికి నడిచి, కాయలు కోయాలి. నాకు చెవుల దాకా వేడి ఎక్కింది. అయినా దిగాను. ఆ నాలుగు మెట్లు దిగడం గురించి డైరీలో రెండు పేజీలు రాసుకున్నాను.

పమిట చెంగులో కాయలు వేసుకుంటుంటే కిటికీలోంచి ఒక పెద్దామె అడిగింది. "ఏం జేసుకుంటవ్ బిడ్డా కాయలు?"

నాకు తోచింది ఒక్కటే. "మందుకు."

"ఎవలకు?"

నేను జవాబు వెతుక్కునే లోపల ఆమె నాన్న వైపు చూసింది. "అయ్యో, మీ నాయినకా. షుగరా?"

బస్సు బయలుదేరింది మొదలు సంగారెడ్డి వచ్చేదాకా నాన్నకు అందరూ వైద్యం చెప్పారు. ఒకామె పువ్వు ఎండబెట్టి కాచి తాగమన్నది. ఒకాయన బెరడు మంచిదన్నాడు. టోపీ పెట్టుకున్న ముసలాయన, "ఎండల తిరిగితె తంగేడాకు నెత్తి మీద పెట్టి రుమాలు కట్టుకో సారు. పరేషాన్ ఉండదు," అన్నాడు. ఏ జబ్బూ లేని మా నాన్న అందరికీ నమస్కారం పెట్టి, అట్లనే చేస్తనండీ అన్నాడు. దిగాక నన్ను ఒక్కటే అడిగాడు. "సైన్సు రికార్డుకేనా?" నేను తల ఊపాను.

ఎండ కాస్త ముదిరాక గింజలు వేశాను. ఒక్కటీ మొలవలేదు. ఇరవై రోజులు ఖాళీ మట్టికి నీళ్ళు పోశాను. నాన్న బడి బీరువాలో తోటపని మీద పాత చిన్న పుస్తకం ఒకటి ఉండేది, ముందు పేజీలు లేవు. పొట్టు గట్టిగా ఉండే గింజలను వేడినీళ్ళలో వేసి ఒక పూట ఉంచి నాటాలని అందులో ఉంది. స్నానానికి కాగులో నీళ్ళు మరిగే వేళ ఒక చెంబెడు తీసి గింజలు వేశాను. మరునాటికి అవి ఉబ్బి మెత్తబడ్డాయి.

ఈసారి శాస్త్రం ప్రకారం చేయాలనుకున్నాను. కట్ట పొడుగునా దారం పట్టి, జామెట్రీ పెట్టెలోని స్కేలుతో కొలిచి, మూరన్నరకు ఒకటి చొప్పున అయిదు గుంటలు తీశాను. ఎందుకో ఆ వరుస చూస్తే నాకు చాలా గర్వంగా అనిపించింది. వారానికి అయిదు గుంటల్లోనూ మొలకలు వచ్చాయి. గుంటకు ఒకటి ఉంచి మిగతావి తీసేశాను.

నాన్న పారేసిన పాత హాజరుపట్టీ ఒకటి నా డైరీలో దాచుకున్నాను. అందులో పేర్ల చోట ఒకటి, రెండు, మూడు అని రాసి, రోజూ పొద్దున్నే మొక్కలకు హాజరు వేసేదాన్ని. ఒకరోజు ఎవరిదో కోడి నాలుగో మొక్కను గీకేసింది. దానికి ఆ రోజు నుంచి గైర్హాజరే. మిగతా నాలుగూ బడి మానలేదు. ఆకుల జతలు లెక్కపెట్టాను. ఎనిమిది. రెమ్మ పుట్టేచోట చిన్న చెవి ఉంది. తంగేడే.

తంగేడు ఇంత తొందరగా పెరుగుతుందని నేననుకోలేదు. మే ఎండలకు అమ్మ మిరప మొక్కలు వాడిపోతే ఇవి మోకాలి దాకా వచ్చి కొమ్మలు వేశాయి. పొద్దున ముఖం కడుక్కున్న నీళ్ళు పోస్తే చాలు. అదే కొంప ముంచింది. అన్నీ ఎండిన పెరట్లో నాలుగు చెట్లు పచ్చగా ఉంటే కనబడకుండా ఉంటాయా.

"ఇదేంది?" అన్నది అమ్మ ఒకరోజు. అప్పటికే ఒక చెట్టు మొదలు పట్టుకుంది. "తంగేడు. ఎవరు పెట్టిండ్రు?"

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. "తెల్వదమ్మా," అన్నాను. అది నేను మా అమ్మతో ఆడిన మొదటి అబద్ధం.

అమ్మ పీకలేదు. కాసేపు వంగి చూసింది. చెయ్యి వదిలి నడుం మీద పెట్టుకుంది. "నేను దినాం రెండు బిందెలు పోసినా మిరప ఎండింది. దీనికి ఒక్క చుక్క ఎవరు పొయ్యలేదు. చూడు ఎట్లున్నదో. దేవుడే మొలిపించిండు. ఉండనీ."

ఇక చెప్పడానికి దారి లేదు. నేను పెట్టానంటే, పంతులు బిడ్డ బతుకమ్మకు పూలు పెంచుతోందని వాడకట్టు అంటుంది, అమ్మ పీకుతుంది. అవ్వకు తెలిస్తే అది మన చెట్టు, బతుకమ్మ చెట్టు కాదంటుంది. దేవుడు మొలిపించాడంటే ఇద్దరికీ సరిపోతుంది.

మధ్యలో ఒకసారి అవ్వ మేక తాడు తెంపుకొని కట్ట దూకి వచ్చింది. చిక్కుడు పందిరి సగం తిన్నది. ఉతికి ఆరేసిన తువ్వాలు అంచు నమిలింది. తంగేడును వాసన చూసి తల తిప్పుకుపోయింది. అమ్మకు ఆ చెట్ల మీద గౌరవం ఇంకా పెరిగింది. ఆ రోజు మేకను పట్టుకుపోవడానికి వాడకట్టు పిల్లదాన్ని ఎవరినో పంపింది అవ్వ, మోకాళ్ళ నొప్పులతో తాను రాలేక. కట్ట మీదికి ఎక్కి కూర్చోవడం కూడా మానేసింది. నేనే అటు పోయి చదివి వచ్చేదాన్ని. కనుక కట్టకు ఇటు చాటున ఉన్న చెట్ల సంగతి ఆమెకు తెలియదు.

భాద్రపదం చివరికి కొమ్మల చివర్లలో మొగ్గలు వచ్చాయి. ఆకుపచ్చ గుండ్లలాగా గట్టిగా ఉన్నాయి. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య ఇంకా వారం. హాజరుపట్టీలో ప్రతి రోజూ ఒకే మాట: విచ్చలేదు. అమావాస్యకు ముందు రోజు అవ్వ కూతురు, అల్లుడు ఎడ్లబండి కట్టుకొని వచ్చారు.

పండుగ పొద్దున నేను లేచేసరికి కట్ట అవతల బండి కడుతున్నారు. అవ్వ ట్రంకు పెట్టె, రోలు, చాటలు బండిలో ఉన్నాయి. ఒక మేకను వెనక కట్టేశారు. రెండోదాన్ని తెస్తున్నారు. నేను మా చెట్ల దగ్గరికి పోయాను. రెండో చెట్టు మీద మూడు పువ్వులు విచ్చాయి. మొదటి చెట్టు మీద ఒక గుత్తి. చివరి చెట్టు చాటున ఇంకో రెండు గుత్తులు. అన్నీ కలిపితే రెండు దోసిళ్ళు. ఇంత పచ్చటి పసుపు నేను ఎప్పుడూ చూడలేదు.

కట్ట దగ్గర నిలబడ్డాను. పిలవాలి. నోరు తెరిచాను, మూశాను. రెండో మేకను కూడా కట్టేశారు. అల్లుడు ఎడ్ల తాళ్ళు పట్టుకున్నాడు.

"అవ్వా."

నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. ఎడ్లు తలలెత్తాయి. అవ్వ కూతురు తిరిగి చూసింది. బావి దగ్గర అమ్మ చేద వదిలేసింది, అది గడగడమని లోపలికి పోయింది.

"గిటు రా అవ్వా. జెర రా."

అవ్వ చుట్టూ తిరిగి, మా ఇంటి ముందు నుంచి, గోడ పట్టుకుంటూ పెరట్లోకి వచ్చింది. చూసింది. ముందు పువ్వులను చూసింది. తరువాత వంగి చెట్ల మొదళ్ళను చూసింది, ఈ చివర నుంచి ఆ చివరి దాకా. చాలాసేపు చూసింది.

"ఎవలు పెట్టిండ్రు?"

అమ్మ బావి దగ్గర నుంచి చెప్పింది. "ఎవరు పెట్టలేదు అవ్వా. ఎవరు నీళ్ళు గూడ పొయ్యలేదు. దేవుడే మొలిపించిండు."

అవ్వ నా వైపు తిరిగింది. నేను తల ఊపాను.

"అట్లనా," అన్నది. ఒక పువ్వు తెంపి వాసన చూసి చెవి వెనక పెట్టుకుంది. "అదే వస్తె మంచిదే." కట్ట మీదుగా గొంతెత్తింది. "ఓ బిడ్డా. మేకలను ఇప్పు."

"ఏందమ్మా, తెల్లారితె బయలెల్లుదమంటివి. బండి కట్టినం."

"కడితె ఇప్పుండ్రి. ఎడ్లకు గూడ పండుగే గద. ఈన్నే చేసుకుందం. నువ్వు చిన్నప్పుడు ఆడిన జాగనే."

అల్లుడు, "మల్ల ట్రంకు దించాల్నా?" అని అడిగాడు.

"ఎత్తినోనివి దించలేవా? రోలు గూడ దించు."

రెండు దోసిళ్ళ తంగేడుతో పెద్ద బతుకమ్మ కాదు. కింద ఒక్క వరుసకే వచ్చింది. మిగతాదంతా గునుగు, బంతి, గుమ్మడి. కానీ కింద వరుస అవ్వ తన చేత్తో పేర్చింది. సాయంత్రం మా అరుగు ముందు వాడకట్టంతా చప్పట్లు కొడుతూ ఆడుతుంటే నేను కిటికీలోంచి చూశాను. కిటికీలో ఇత్తడి చెంబు ఉంది. అందులో ఒక రెమ్మ. అమ్మే పెట్టింది.

అవ్వ పోలేదు. కూతురు, అల్లుడు తొమ్మిది రోజులుండి ఖాళీ బండితో పోయారు.

మరుసటి ఏటికి చెట్లు అమ్మ తల దాటాయి. పూత అయ్యాక కొమ్మలు కత్తిరిస్తే ఇంకా గుబురుగా వస్తాయని అమ్మే కనిపెట్టింది. వాడకట్టు ఆడవాళ్ళు పండుగ పొద్దున మా పెరట్లో వరుసగా నిలబడేవారు. "కంపెనీవాళ్ళు గోడ కట్టిండ్రని పంతులు ఇంట్ల కిరాయికి దిగినయి," అని ఒకామె అంటే అందరూ నవ్వేవారు. చర్చిలో కోతల పండుగకు కూడా అమ్మ ఇంత తంగేడు తీసుకుపోయి మెట్ల దగ్గర పెట్టింది. ఇది ఆ పండుగ పువ్వు కాదా అని సంఘ పెద్ద ఒకాయన మెల్లగా అడిగాడు. "దేవుడు మొలిపించింది దేవుని దగ్గరికి తెచ్చిన," అన్నది అమ్మ. నేను బెంచీలో తల వంచుకొని కూర్చున్నాను. నవ్వు ఆపుకోవడానికి పాటల పుస్తకం అడ్డం పెట్టుకున్నాను.

అలా అవ్వ ఇంకో మూడేళ్ళు మా పక్కనే ఉంది. ఆ సీరియల్ అయిపోయింది, ఇంకో రెండు అయిపోయాయి. ఏ కథలోనూ ఏడ్చేవాళ్ళు ఆమెకు నచ్చలేదు. చివరికి మనవరాలికి కాన్పు దగ్గరపడిందని ఆమె అంతట ఆమే పోతానన్నది. "మునిమనుమణ్ణి ఎత్తుకోవాలె, పువ్వు కోసం కాదు," అని నాకు రెండుసార్లు చెప్పింది. అప్పటికి నాకు టీచర్ ట్రైనింగులో సీటు వచ్చింది. నేను కూడా నాలుగు రోజుల్లో పోవాలి. కాబట్టి ఈసారి నాకు ఏడుపు రాలేదు, లేదా కొంచెమే వచ్చింది.

మళ్ళీ అదే బండి. అదే ట్రంకు, అదే రోలు. మేకలు ఇప్పుడు నాలుగు. అమ్మ అవ్వకు కొత్త చీర పెట్టింది. నాన్న నమస్కారం పెట్టాడు. నేను ఆమె చేయి పట్టుకొని బండి దాకా నడిపించాను. చెప్పాలని ఉంది. ఈ ఒక్కటి చెప్పేయాలని మూడు రోజుల నుంచి అనుకుంటున్నాను. "అవ్వా, ఆ తంగేడు," అన్నాను. అక్కడ మాట ఆగిపోయింది.

అవ్వ బండి ఎక్కి గడ్డి మీద సర్దుకొని కూర్చుంది. దగ్గరికి రమ్మని వేలితో పిలిచింది. ఆమె గొంతు నాలుగు వీధులకు వినిపిస్తుందని ముందే చెప్పాను. ఆ ఒక్కసారి మాత్రం నా చెవికి తప్ప ఎవరికీ వినిపించకుండా మాట్లాడింది. ఆ తరువాత నేను ఆమెను చూడలేదు. ఆమె నాతో అన్న ఆఖరి మాట ఇది.

"గాలికొచ్చిన గింజలు గంత సక్కగ వరుసల నిలవడయి బిడ్డా. ఇంకోసారి పెట్టేటప్పుడు జెర వంకరటింకరగ పెట్టు."